మీ ఊరికి బస్సు అడిగే ముందు జనాభా, రవాణా లెక్క తయారు చేసుకోవడం ఎలా?

"మా ఊరి జనాభా ఎంతో ఎక్కడ చూడాలి?", "మా ఊరికి బస్సు వేయమని అర్జీ ఎవరికి పెట్టాలి?" అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు తరచూ అడుగుతున్నారు. వేర్వేరుగా కనిపిస్తున్నా ఇవి ఒకే పనికి సంబంధించిన ప్రశ్నలు. ఊళ్లో ఎందరున్నారో, వారు రోజూ ఎక్కడికి, ఎలా వెళ్తున్నారో కాగితం మీద పెట్టలేనప్పుడు, ఎన్ని సంతకాలు చేయించినా అర్జీ "పరిశీలించబడును" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఆ కాగితం తయారు చేసుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. ఊళ్లో చదువుకున్న ఇద్దరు, ముగ్గురు పూనుకుంటే చాలు, దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్, దూరం చూపే మీటరు పనిచేస్తున్న మోటారు సైకిల్, పొడవాటి కొలత టేపు, గీతల నోటుపుస్తకం కావాలి. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్తలతో ముందే మాట్లాడి ఉంచుకోండి, ఎందుకంటే వీరి దగ్గరున్న రిజిస్టర్లలోని వివరాలు ఏ వెబ్‌సైటులోనూ ఉండవు.

1. మీది ఏ రకం ఊరో ముందు తేల్చుకోండి

ఎక్కువ మంది ఈ మెట్టు దాటేసి నేరుగా అంకెల కోసం వెతుకుతారు. తర్వాత వచ్చే తప్పుల్లో సగానికి మూలం ఇదే. రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ, శివారు గ్రామం అనేవి మూడు వేర్వేరు లెక్కలు. జనాభా లెక్కల శాఖ గ్రామీణ ప్రాంతంలో రెవెన్యూ గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుంటుంది. ఒక రెవెన్యూ గ్రామంలో అసలు ఊరు, రెండు మూడు పాలేలు, ఒక ఎస్సీ కాలనీ, చెరువు కట్ట కింద ఒక యానాది కాలనీ ఉంటే, ఆ అన్నిటికీ కలిపి ఒకే అంకె వస్తుంది. మీరు బస్సు అడిగేది అసలు ఊరికి మూడు కిలోమీటర్లు లోపలికి ఉన్న శివారుకైతే, ఆ అంకె మీది కాదు. మరోవైపు, ఒకే పంచాయతీ కింద రెండు రెవెన్యూ గ్రామాలు ఉన్న చోట్లు కూడా ఉన్నాయి.

వీఆర్వోను "మా శివారు ఏ రెవెన్యూ గ్రామం కిందకు వస్తుంది, రికార్డులో ఆ గ్రామం పేరు ఎలా ఉంది?" అని అడిగి, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. మన వైపు పేర్ల చిక్కు కొంచెం ఎక్కువే. నెల్లూరు జిల్లాలో సౌత్ మోపూరు ఒక చోట, నార్త్ మోపూరు మరో చోట ఉన్నాయి. రాజుపాలెం, కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లయితే ప్రతి రెండు మూడు మండలాలకూ ఒకటి తగులుతుంది. మండలం పేరు సరిచూడకుండా అంకె తీసుకుంటే పొరుగు మండలం వారి జనాభాను మీ అర్జీలో పెట్టే ప్రమాదం ఉంది.

2. 2011 జనాభా లెక్క తీయండి

ప్రస్తుతం గ్రామ స్థాయిలో అధికారికంగా చెల్లుబాటయ్యేది 2011 లెక్కే. 2021లో జరగవలసిన గణన జరగలేదు. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కాబట్టి మీ కాగితంలో 2011 అంకె తప్పనిసరిగా ఉండాలి.

సెన్సస్ ఇండియా వెబ్‌సైటులో "డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్" అని వెతకండి. ప్రతి జిల్లాకూ రెండు భాగాలు ఉంటాయి. ఊళ్లో బడి, ఆసుపత్రి, బస్సు, రోడ్డు వంటి సౌకర్యాలు "ఏ" భాగంలో ఉంటాయి. ఇళ్లు, జనాభా, స్త్రీ పురుషుల సంఖ్య, ఆరేళ్ల లోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివారి వివరాలు "బీ" భాగంలో ఉంటాయి. మీకు రెండూ కావాలి.

జిల్లా ఎంచుకునేటప్పుడు ఇప్పటి జిల్లా కాదు, 2011 నాటి జిల్లాను ఎంచుకోండి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, గూడూరు తిరుపతి జిల్లాలోకి, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. 2025 చివర్లో జిల్లాల హద్దులు మళ్లీ మారాయి. కానీ 2011 పుస్తకంలో కందుకూరు, అద్దంకి ప్రకాశం కిందే, గూడూరు నెల్లూరు కిందే కనిపిస్తాయి. ఎక్సెల్ ఫైలు తీసుకుంటే జిల్లా కోడ్ ప్రకాశానికి 549, నెల్లూరుకు 550.

మీ చేతిలో ఉన్నది తుది లెక్కల ఫైలో, తాత్కాలిక లెక్కల ఫైలో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. జిల్లా మొత్తం చూడండి. తుది లెక్కల ప్రకారం ప్రకాశం జనాభా 33,97,448, నెల్లూరు జనాభా 29,63,557. నెల్లూరుకు 29,66,082 అని ఉంటే అది తొలుత విడుదలైన తాత్కాలిక అంకె. చాలా వెబ్‌సైట్లు ఇప్పటికీ దాన్నే మోస్తున్నాయి.

ఊరి పేరు దొరికాక పక్కనే ఉన్న ఆరంకెల గ్రామ కోడ్‌ను కూడా రాసుకోండి. పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి ఉండవచ్చు కానీ కోడ్ ఒక్కటే ఉంటుంది. అర్జీలో ఆ కోడ్ వేస్తే, చదివే అధికారి అదే వరుసను తెరిచి సరిచూసుకోగలుగుతారు.

ఊరి పేరు అసలు దొరక్కపోతే రెండు కారణాలు ఉండవచ్చు. మీది శివారు గ్రామం అయి ఉండాలి, లేదా పేరు వేరే స్పెల్లింగుతో ఉండాలి. పేరు ఉండి జనాభా సున్నా అని ఉంటే, అది కేవలం భూములున్న నిర్జన రెవెన్యూ గ్రామం. అటువంటప్పుడు మీ ఇళ్లు పక్క రెవెన్యూ గ్రామం హద్దులో లెక్కలోకి వచ్చి ఉంటాయి.

3. రవాణా గడులను జాగ్రత్తగా చదవండి

"ఏ" భాగంలో ఆర్టీసీ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషన్, ఆటోలు, ట్రాక్టర్ల వంటివి, జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్లతో అనుసంధానం, తారు రోడ్డు, మట్టి రోడ్డు ఇలా ఒక్కో అంశానికీ ఒక్కో గడి ఉంటుంది. ఊళ్లో సౌకర్యం లేకపోతే దగ్గరలో అది దొరికే దూరాన్ని అక్షరంతో సూచిస్తారు. "ఎ" అంటే 5 కిలోమీటర్ల లోపు, "బి" అంటే 5 నుంచి 10, "సి" అంటే 10 పైన. ఎక్సెల్ ఫైలులో 1 అంటే ఉంది, 2 అంటే లేదు. ఈ 2ను చూసి "మా ఊరికి రెండు బస్సులున్నట్టు ప్రభుత్వం రాసుకుంది" అని ఆవేశపడేవారు ఉన్నారు. ఆ గడిలో ఉన్నది బస్సుల సంఖ్య కాదు.

అసలు చిక్కు మరో చోట ఉంది. రెవెన్యూ గ్రామంలో ఏ మూలకు బస్సు వచ్చినా "ఉంది" అనే నమోదవుతుంది. అసలు ఊరి మీదుగా బస్సు పోతూ, మీ శివారు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నా కాగితం ప్రకారం మీకు బస్సు ఉన్నట్టే. దాన్ని తప్పని వాదించకండి. "రెవెన్యూ గ్రామానికి సౌకర్యం ఉన్నట్టు 2011లో నమోదైంది, అయితే ఆ స్టాపు మా నివాస ప్రాంతానికి ఇంత దూరంలో ఉంది" అని కొలతతో రాయండి.

4. ఇంటింటి లెక్క తీయండి

శివారు గ్రామానికి విడిగా అంకె కావాలంటే ఇంటింటికీ తిరగడం తప్ప దగ్గరి దారి లేదు. రోడ్డు విషయంలో ఈ అంకెకు చాలా విలువ ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతాల్లో రోడ్డు లేని 500 అంతకంటే ఎక్కువ జనాభా గల నివాస ప్రాంతాలకు అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయడం ఆ పథకం లక్ష్యం. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశ కూడా అదే గీటును 2011 జనాభాకు వర్తింపజేస్తుంది. నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపు ఉన్న చెంచు గూడేలకు, బాగా వెనుకబడిన గిరిజన తెగల కోసం ఉద్దేశించిన పీఎం జన్‌మన్ పథకం కింద 100 జనాభా ఉన్నా సరిపోతుంది. ఈ పథకాల్లో చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, నివాస ప్రాంతాన్ని. 500 మీటర్ల వ్యాసార్ధంలో ఉన్న ఇళ్ల గుంపులను కలిపి లెక్కించే వీలుంది. మీ పాలెంలో 380 మంది, దారికి అవతల కాలనీలో 150 మంది ఉన్నారనుకుందాం. రెండింటి మధ్య దూరం 400 మీటర్లే అయితే కలిపి అడగండి, విడివిడిగా అడిగితే రెండూ గీటు దాటవు.

ప్రతి ఇంటికీ నోటుపుస్తకంలో ఒక వరుస కేటాయించి ఇవి రాయండి: ఇంటి నంబరు, ఊళ్లో ఉంటున్నవారి సంఖ్య, వారిలో ఆడవారు, ఆరేళ్ల లోపు పిల్లలు, బయటి ఊళ్లలో ఉంటున్నవారు, రోజూ ఊరు దాటి వెళ్లేవారు, వెళ్లే చోటు, బయలుదేరే వేళ, ప్రస్తుతం వెళ్తున్న విధం, ఒకసారికి అవుతున్న ఖర్చు.

ఊళ్లో ఉంటున్నవారు అంటే ఎవరన్న ప్రశ్న మొదటి ఇంట్లోనే వస్తుంది. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు వెళ్లి పండక్కి మాత్రమే వచ్చేవారు చాలా మంది ఉంటారు. వారి రేషను కార్డు, ఓటు, ఇల్లు అన్నీ ఊళ్లోనే ఉంటాయి. ఏడాదిలో ఆరు నెలలకు పైగా ఊళ్లో ఉంటే నివాసి, లేకపోతే వలస అని ఒక నియమం పెట్టుకుని, చివరి ఇంటి దాకా దానికే కట్టుబడండి. ఇద్దరు తిరుగుతూ ఇద్దరూ రెండు నియమాలు పాటిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. సంక్రాంతి వారంలో లెక్క తీయకండి, ఊరు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో నాట్లు, కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లోనూ వద్దు, కూలి పనులకు వెళ్లిన ఇళ్లకు తాళాలు ఉంటాయి.

ఒక హెచ్చరిక. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు అడగకండి. ఈ పనికి అవి అవసరం లేదు, పైగా అడిగిన మరుక్షణం జనం తలుపు దగ్గరికి వేస్తారు.

5. లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోండి

మొత్తం జనాభాను ఇళ్ల సంఖ్యతో భాగించండి. మన పల్లెల్లో సాధారణంగా నాలుగుకు కాస్త అటూ ఇటూ వస్తుంది. ఆరు దాటితే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలున్న కుటుంబాలను ఒకటిగా రాసి ఉంటారు. రెండున్నరకు పడిపోతే తాళం వేసిన ఇళ్లను కలిపేసి ఉంటారు, లేదా ఊరు నిజంగానే ముసలివారితో మిగిలి ఉంటుంది. ఏది నిజమో మళ్లీ నాలుగైదు ఇళ్లకు వెళ్తే తెలిసిపోతుంది.

తర్వాత ఓటర్ల జాబితాతో పోల్చండి. అందులో 18 ఏళ్లు నిండినవారే ఉంటారు కనుక ఓటర్ల సంఖ్య జనాభా కంటే స్పష్టంగా తక్కువ ఉండాలి. సమానంగానో ఎక్కువగానో వస్తే, వలస వెళ్లినవారి ఓట్లు ఇంకా ఊళ్లోనే ఉన్నాయని అర్థం. ఇటువంటి ఊళ్లలో ఓటర్ల సంఖ్యనే జనాభాగా చూపించే అలవాటు అర్జీదారుల్లో ఉంది. అధికారి ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ తర్వాత మిగిలిన అంకెలను కూడా నమ్మరు. అంగన్‌వాడీ రిజిస్టరులోని పిల్లల సంఖ్యతో మీ ఆరేళ్ల లోపు గడిని పోల్చుకుంటే మరో పరీక్ష పూర్తవుతుంది.

2011 అంకెకు శాతం కలిపి "ఇప్పటి జనాభా" అని ఊహించి రాయకండి. పాత అంకె పక్కన 2011 అనీ, మీ అంకె పక్కన లెక్క తీసిన నెల, ఏడాది అనీ వేసి రెండింటినీ పక్కపక్కన ఉంచండి. పాతదాని కంటే మీ అంకె తగ్గితే దాచకండి. రోజూ ప్రయాణించేవారి సంఖ్య బలంగా ఉంటే జనాభా తగ్గుదల బస్సుకు అడ్డు కాదు.

6. దూరం, వేళలు కొలవండి

ఊళ్లో ఒక స్థిరమైన చోటును సున్నాగా పెట్టుకోండి. రామమందిరం, బడి, పాల కేంద్రం, ఏదైనా సరే. అక్కడి నుంచి బస్సు స్టాపు, తారు రోడ్డు మొదలయ్యే చోటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, హైస్కూలు, మండల కార్యాలయం, దగ్గరి పట్టణాల దూరాలను మోటారు సైకిల్ మీటరుతో కొలిచి, ఫోన్ మ్యాపుతో సరిచూడండి. మ్యాపులో గాలి దూరం కాకుండా దారి దూరం తీసుకోవాలి. మధ్యలో మన్నేరో పాలేరో వంటి ఏరు అడ్డం ఉంటే ఆ రెంటికీ తేడా చాలా వస్తుంది. ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీల నుంచి దూరం విడిగా కొలవండి. ఊరి మధ్య నుంచి 1.2 కిలోమీటర్లున్న స్టాపు కాలనీ వారికి రెండు దాటవచ్చు.

మీటరు పనిచేయకపోతే ఫోన్ మ్యాపులో దారి వెంట చుక్కలు పెట్టి కొలవవచ్చు. చేలగట్ల మీది కాలిబాటను రోడ్డుగా చూపకండి.

ఇక వేళలు. "మాకు బస్సు లేదు" అన్న మాట కంటే "ఉదయం బస్సు 6.40కి పోతుంది, హైస్కూలు 9 గంటలకు, సాయంత్రం చివరి బస్సు 4.10కి, ఆ తర్వాత మండల కేంద్రం నుంచి షేర్ ఆటోనే గతి" అన్న మాటకు ఎక్కువ బరువు ఉంటుంది. ఒక మామూలు పనిరోజున, ఒక సంత రోజున ఉదయం నుంచి చీకటి పడే దాకా స్టాపు దగ్గర ఒకరిని కూర్చోబెట్టి, ఏ వేళకు ఏ బండి వచ్చింది, ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు, ఎంత తీసుకున్నారు అని రాయించండి. ఆటోలో డ్రైవరు పక్కన ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్నవారిని కూడా లెక్కపెట్టాలి. బస్సుకు రాబోయే ప్రయాణికులు వాళ్లే. పొగాకు వేలం సాగే నెలల్లో కందుకూరు, కొండపి వంటి కేంద్రాలకు వెళ్లేవారు పెరుగుతారు కనుక ఆ రోజుల లెక్కను మామూలు రోజుల లెక్కతో కలపకుండా విడిగా చూపండి.

7. బస్సు రాగలదో లేదో మీరే ముందు చూడండి

డిపో వారు రూట్ సర్వేకు వచ్చి వెంటనే వెనక్కి తిరిగేది ఎక్కువగా ఈ కారణాల వల్లే: రోడ్డు సన్నగా ఉండి ఎదురు బండికి దారి ఇచ్చే మార్జిన్ లేకపోవడం, చప్టా మీద వానాకాలంలో నీళ్లు పారడం, కరెంటు తీగలు వేలాడడం, చిల్లకంప రోడ్డు మీదికి పెరగడం, ఊరి చివర బస్సు తిరగడానికి జాగా లేకపోవడం. తారు వెడల్పును ప్రతి అర కిలోమీటరుకు టేపుతో కొలవండి. ఒక వరుస గ్రామీణ రోడ్డుకు 3.75 మీటర్లు సాధారణ కొలత, అంతకంటే తగ్గిన చోట్లను గుర్తు పెట్టుకోండి. పది, పదకొండు మీటర్ల పొడవుండే బస్సు ఒకటి రెండు సార్లు వెనక్కీ ముందుకీ ఆడి తిరగగలిగే ఖాళీ స్థలం కావాలి. బడి ముందు ఖాళీని చూపించకపోవడం మంచిది, పిల్లలు ఆడుకునే చోట బస్సు వెనక్కి తీయడం ప్రమాదం.

కంప కొట్టించడం, మార్జిన్లలో మట్టి పోయించడం పంచాయతీ చేయగలిగిన పనులు. వీటిని అర్జీకి ముందే పూర్తి చేసి ఫొటోలు తీయండి. తీగలకు విద్యుత్ శాఖకు విడిగా రాయాలి. చప్టా అయితే రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు రోడ్లు భవనాల శాఖవి, ఊరి రోడ్లు సాధారణంగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. గ్రామ సడక్ యోజన కింద వేసినదైతే రోడ్డు మొదట్లో బోర్డు ఉంటుంది. మొదటి అయిదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే కనుక పూర్తయిన తేదీ చూసి, "మేరీ సడక్" యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు.

8. అర్జీ రాయండి

ఒక్క పేజీ దాటనివ్వకండి. లెక్కలు, ఫొటోలు, చేత్తో గీసిన రూట్ మ్యాపు, పంచాయతీ తీర్మానం నకలు జత చేయండి. డిపో మేనేజరు పేరిట రాసి, జిల్లా ప్రజా రవాణా అధికారికి ప్రతి పంపండి. మీ రూటు ఏ డిపో కిందకు వస్తుందో ఊహించవద్దు. ఆత్మకూరు, ఉదయగిరి, కావలి, కందుకూరు, కనిగిరి, పొదిలి డిపోల రూట్లు ఒకదాని ప్రాంతంలోకి మరొకటి చొచ్చుకుపోతుంటాయి. మీకు దగ్గరగా పోయే పల్లెవెలుగు బస్సు కండక్టరును అడిగితే చెబుతారు.

నా అనుభవంలో కొత్త బస్సు కంటే ఉన్న బస్సు పొడిగింపు తొందరగా దొరుకుతుంది. డిపో చూసేది కిలోమీటరుకు వచ్చే ఆదాయం, సీట్ల నిండుదల. వారి భాషలో ఈపీకే, ఓఆర్. ఉన్న బస్సును 4 కిలోమీటర్లు లోపలికి పొడిగించమంటే రాకపోకలకు 8 కిలోమీటర్లు, రోజుకు రెండు ట్రిప్పులకు 16 కిలోమీటర్లు అదనం. ఆ 16 కిలోమీటర్లకు ఎందరు ఎక్కుతారో మీ ఆరో మెట్టు లెక్క నుంచి చూపించండి. ఆడవారిని వదిలేయకండి. 2025 ఆగస్టు 15న ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగులో వారికి ఇచ్చే సున్నా టికెట్టు కూడా ప్రయాణికుల లెక్కలోకే వస్తుంది. "ఉచితం కాబట్టి వాళ్లను లెక్కపెడితే ఆదాయం లేదంటారేమో" అని కొందరు మగవారి సంఖ్యే రాస్తున్నారు. అలా చేస్తే ఊరి అవసరం సగమే కనిపిస్తుంది.

రోజంతా బస్సు అడగడం కన్నా, బడి వేళకు ఒకటి, సాయంత్రం ఒకటి అని వేళలతో అడగండి. నైట్‌హాల్ట్ అడిగేట్టయితే డ్రైవరు, కండక్టరు పడుకునే గది, మరుగుదొడ్డి, నీళ్లు ఎక్కడ ఇస్తారో ముందే రాయాలి.

9. ఇచ్చాక వెంటపడండి

డిపోలో ఇచ్చిన ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని నమోదు చేయించి, అర్జీ నంబరు తీసుకోండి. 1100కు ఫోన్ చేసి దాని స్థితి తెలుసుకోవచ్చు. అక్కడి నుంచి "సమస్య పరిష్కరించబడింది" అని సందేశం వచ్చి, బస్సు మాత్రం రాకపోతే, ఊరుకోకుండా మళ్లీ తెరిపించండి.

"రూటు లాభదాయకం కాదు" అని జవాబు వస్తే సమాచార హక్కు చట్టం కింద రెండే రెండు విషయాలు అడగండి: ఆ నిర్ణయానికి ఆధారమైన సర్వే నివేదిక నకలు, పక్క రూటులో గత ఆరు నెలల ఈపీకే, ఓఆర్. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. సర్వే జరగలేదని తేలితే, "సర్వే జరపండి, మా లెక్కతో పోల్చండి" అని కొత్త అర్జీ పెట్టండి. సర్వే జరిగి రోడ్డు పనికిరాదని రాసి ఉంటే, ఏ చప్టా, ఏ మలుపు అని చోటుతో సహా రాసివ్వమని కోరి, ఆ కాగితాన్ని పంచాయతీరాజ్ ఇంజనీరుకు పెట్టే అర్జీకి జత చేయండి.